పరద వెనక పుస్తకం

మూడో రోజు కూడా సిద్దిరాములు కంచం అవతలికి జరిపాడు.

"వద్దు."

"సర్వపిండి చేసిన," అన్నది భాగ్యమ్మ.

ఆయన ముక్కు కంచం వైపు తిరిగింది. మొహం మాత్రం గోడ వైపే ఉంది.

"ఆ కుంకుడుకాయగాడు ఎవడో తెలిసేదాంక ఈ ఇంట్ల నాకు మంచినీళ్లు తప్ప ఏం వద్దన్న. అన్ననా లేదా?"

"అన్నవు."

"మల్లెందుకు పెట్టినవ్?"

"వాసనన్న చూస్తవేమోనని."

గడప పక్కన కూర్చొని చిన్న రోట్లో తమలపాకు దంచుకుంటున్న లింగమ్మ, చేయి ఆపి కొడుకును తేరిపార చూసింది.

"మంచినీళ్లు తాగే మనిషివి. మీసానికి పల్లి చట్నీ ఎట్ల అంటిందిర?"

సిద్దిరాములు గబుక్కున మీసం తుడుచుకున్నాడు.

"ఇంట్ల తిననన్న. బజార్ల తిననన్ననా?"

"అట్లయితే ఇది ఉపాసం గాదు బిడ్డా. హోటల్‌కు గిరాకి."

భాగ్యమ్మకు నవ్వొచ్చింది. నవ్వు వెనకే భయమూ వచ్చింది. కుంకుడుకాయ ఎవరో ఆ ఇంట్లో ఒక్కరికే తెలుసు. ఆ ఒక్కరు సర్వపిండి కంచం మళ్లీ ఎత్తుకొని నిలబడి ఉన్నారు.

ఇదంతా ఇస్సాకు సారు పెట్టిన పుస్తకంతో వచ్చిన తంటా. మిషన్ బడిలో పంతులు చేసి దిగిపోయిన మనిషి ఆయన. కొత్తవాడ మగ్గాల సందు చివరి లైబ్రరీ ఆయన పెత్తనమే. ఎమర్జెన్సీ పోయినా జనానికి నోరు మూసుకునే అలవాటు పోలేదని, మూడేళ్ల కింద ఒక లావుపాటి రిజిస్టరు కొన్నాడు. దారంతో పెన్సిల్ కట్టి మూలన బల్ల మీద పెట్టి, ముందర పాత జంపకాన ఒకటి పరదలా వేలాడదీశాడు. ఓటు వేసినట్టు ఒక్కొక్కరే లోపలికి పోవాలి. ఎడమ పేజీలో అడగాలి, కుడి పేజీలో చెప్పాలి. పేరు రాయనక్కర లేదు, ఎవరు రాశారని అడగొద్దు. మారుపేరు పెట్టుకుంటే పెట్టుకోవచ్చు. చెప్పినట్టు చేసి చూసి, నిజమని తేల్చుకున్నవాళ్లు ఆ మాట కింద ఒక గీత గీసి పోవాలి.

"పేరు చూసి నమ్మకున్రి. గీతలు చూసి నమ్మున్రి," అనేవాడు సారు.

మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు ఆడవాళ్ల వంతు. భాగ్యమ్మ మొదట్లో వారపత్రికల్లో సీరియళ్లు చదవడానికే పోయేది. ఒకనాడు పరద వెనక ఎవరో మగ్గం నూనె మరక ఎట్లా పోతుందని అడిగి ఉన్నారు. కుంకుడు రసంలో నానబెట్టి ఎండకు వేయమని రాసింది. కింద ఏదో ఒకటి పెట్టాలి కదా అని కుంకుడుకాయ అని పెట్టింది. వారం తిరిగేసరికి ఏడు గీతలు.

ఆ తర్వాత పిల్లల దగ్గు, అత్తాకోడళ్ల తగువు, గోడల చెద, ఏది అడిగినా తెలిసింది రాసింది, తెలియనిది తెలియదని రాసింది. ఇప్పుడు ఆ పుస్తకంలో కుంకుడుకాయకు ఉన్నన్ని గీతలు ఇంకెవరికీ లేవు. హనుమకొండ కాలేజీలో చదువు చెప్పే పెద్దమనిషి ఎవరో అని అందరి నమ్మకం.

అందరికన్నా ఎక్కువ నమ్మింది సిద్దిరాములు. నడుము పట్టుకున్నప్పుడు వావిలాకు కాపడం పెట్టుకోమని భాగ్యమ్మ నాలుగు రోజులు మొత్తుకుంటే, "నీకేం ఎర్కనే," అన్నాడు. ఐదో రోజు కుంకుడుకాయ అదే మాట రాస్తే, చుట్టుపక్కల వావిలి చెట్టుకు ఆకు లేకుండా చేశాడు. భార్య చేతిరాత ఎట్లా ఉంటుందో ఆయన ఎరుగడు. పాతికేళ్ల కాపురంలో ఒకరికొకరు ఉత్తరం రాసుకునే ఎడబాటు వాళ్లకు రాలేదు.

ఇప్పుడు ఆ కుంకుడుకాయే ఆయన మీద రాసింది.

"నేను నమ్మినోడే నా నెత్తిన బండ వేసిండు," అన్నాడు సిద్దిరాములు, అదే బండ ఇప్పుడే పడ్డట్టు తల నిమురుకుంటూ. "కొత్త ఎర్రనూలు మగ్గం ఎక్కే ముందు తడి తెల్లగుడ్డతోని రుద్ది చూడున్రట. ముసురుకు కట్టెలు తడిసి సబ్బు ఉడుకు తప్పిందట. అద్దినోని చెయ్యి మంచిదేనట! కొట్టి, ఆనక బెల్లం పెట్టినట్టు."

"నీ పేరు రాయలే గద," అన్నది భాగ్యమ్మ.

"ఈ వాడల ఎర్రరంగు అద్దేటోడు నేను గాక ఎవడే? పేరు రాస్తేనే పేరా?"

భాగ్యమ్మ దొడ్డి వైపు చూసింది. వెదురు బొంగుల మీద ఎర్రనూలు చిలపలు బారులుగా ఆరుతున్నాయి. చర్చికి యాభై ఏళ్ల పండుగ వస్తున్నదని అరవై జంపకానలు నేయమని చెప్పారు, ఎరుపూ తెలుపూ పట్టీలతో. రేపు పొద్దున మగ్గాల మేస్త్రి గట్టయ్య వచ్చి ఈ నూలు తీసుకుపోతాడు. పక్కన తెల్లపోగుతో కలిసి ఒకసారి నేశాక ఆ ఎరుపు కారితే ఇక చేసేదేమీ లేదు.

ఎర్ర అద్దకంలో ఆఖరి పని సబ్బు ఉడుకు. రంగెక్కిన చిలపలను సబ్బునీళ్లలో సలసల కాగబెడితే పైపైన అంటింది పోయి, లోపల పట్టింది నిలుస్తుంది. పోయిన వారమంతా ముసురు. కట్టెలు తడిసి పొయ్యి పొగే గాని మంట కాలేదు. రెండు రోజులు ఊది ఊది, మూడో రోజు సిద్దిరాములు చన్నీళ్లలో జాడించి ఆరేశాడు. చిలపలు తిరగేస్తుంటే భాగ్యమ్మ అరచేతులు ఎర్రబడ్డాయి. చెప్పింది. మళ్లీ చెప్పింది. మూడోసారి, "అద్దకం నువ్వు చేస్తవా, నేను చెయ్యాల్నా?" అన్నాడు.

నాలుగోసారి పుస్తకంలో చెప్పింది.

"ఫికర్ లేదు తీ," అన్నాడు సిద్దిరాములు ఉన్నట్టుండి. గొంతులో ఏదో సంబరం. "లోకంల మంచోళ్లు కూడ ఉన్నరు. నా దిక్కు ముగ్గురు రాసిండ్రు నిన్న."

"అవునా! ఏమని?"

ఆయన గొంతు సవరించుకున్నాడు. "కొత్తవాడ ఎర్రరంగు మిక్కిలి శ్రేష్ఠమైనది. ఇట్లు, ఒక బాధ్యత గల పౌరుడు." ఆగి ఊపిరి తీసుకున్నాడు. "ఇగ రెండోది. పై పౌరుడు చెప్పినది అక్షరాలా నిజము. నేను ఆయన కాదు, వేరే. ఇట్లు, మరొక పౌరుడు."

భాగ్యమ్మ కంచం కింద పెట్టింది. పెద్దబిడ్డ పుట్టిన నెల అడిగితే వేళ్లు లెక్కబెట్టే మనిషి. ఆ రెండు మాటలూ తడుముకోకుండా అప్పజెప్పాడు.

"ఎన్నిసార్లు చదివినవ్?"

"ఒక్కసారి. అట్ల చూసిన, ఇట్ల వచ్చిన."

లింగమ్మ రోలు బోర్లించి దులిపింది. "మా పిల్లగాడు చిన్నప్పుడు ఎక్కాలు ఇట్ల అప్పజెప్తే ఇంజినీర్ అయితుండె," అన్నది ఎవరితోనూ కాదన్నట్టు.

అప్పుడే గేటు చప్పుడైంది.

వచ్చింది రత్నమ్మ. నాలుగిళ్ల అవతల ఉంటుంది, చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. ఆదివారం ఆరాధన ముగించుకొని సరాసరి వచ్చినట్టుంది, చేతిలో పాటల పుస్తకం అట్లాగే ఉంది.

"అన్నా, జర కూసుంట. ఓ ముచ్చట అడగాలె."

"ఏమైంది చెల్లె?"

"పండుగకు నూటా ఇరవై తెల్లచీరెలు తెప్పించినం. ఒక్కతీరుగ, పాలనురుగు లెక్క. ఇయ్యాల లెక్కబెట్టి వస్తుంటే, ఎవలో ఆ పుస్తకం ముచ్చట చెప్పిండ్రు." రత్నమ్మ గొంతు తగ్గించింది, అయినా సందు చివరి దాకా వినబడేంత ఉంది. "ఆరాధన మూడు గంటలు. మేమందరం ఆ జంపకానల మీదనే కూసోవాలె. ఉక్కపోత, చెమట. అయినంక స్తోత్రమని నూటా ఇరవై మందిమి ఒక్కసారి లేస్తిమనుకో. వెనుక నుంచి చూసేటోళ్లకు ఎట్లుంటది అన్నా? కోతుల మంద లెక్క ఉండమా?"

లింగమ్మకు పొలమారింది. భాగ్యమ్మ ఆమె వీపు తట్టే వంకతో మొహం తిప్పుకుంది.

సిద్దిరాములు నవ్వలేదు. "ఇరవై ఐదేండ్ల సంది నా రంగు మీద కూసుంటాన్లు. ఎవలకన్న ఎర్రగైందా చెల్లె?"

"కాలే. అందుకే నీ దగ్గరికి వచ్చిన. కుంకుడుకాయ ఒక్కడు చెడ్డదంటాండు. ముగ్గురు పౌరులు మంచిదంటాన్లు. ఎవల్ని నమ్మాలె?" రత్నమ్మ భాగ్యమ్మ వైపు తిరిగింది. "నువ్వు చెప్పు వదినె. నువ్వెన్నడు అబద్ధం చెప్పవు."

దొడ్లో ఒక చిలప గాలికి ఊగి బొంగుకు తగిలింది.

సిద్దిరాములు భార్యను చూస్తున్నాడు. ఆ చూపులో కోపం లేదు. ఈ ఒక్క మాటకు నా పక్కన నిలబడు అన్నట్టుంది. ఆ చూపే భాగ్యమ్మకు కష్టమైంది. కోపమైతే తట్టుకోవచ్చు.

"ఎవలనో నమ్ముడెందుకు రత్నమ్మా," అన్నది మెల్లగా. "గుడ్డ తడిపి రుద్ది చూస్తే అయిపోదా?"

సిద్దిరాములు లేచి నిలబడ్డాడు.

"అంటే? నా ఇంట్ల నా పెండ్లామే నా రంగును రుద్ది చూడమంటదా? కుంకుడుకాయ మాట నీక్కూడ ఎక్కిందా?" తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "నేను పోతాన సారు కాడికి. ఆ కుంకుడుకాయగాడు పేరు చెప్పుకొని బయటికి రావాలె, లేకుంటే ఆ కాగితం చింపాలె. రెండిట్ల ఒకటి. అందరు రాన్రి. చూస్తరు!"

కాగితం చింపితే నూలు రేపు మగ్గం ఎక్కుతుంది. పేరు చెప్తే ఇంట్లో ఏమవుతుందో తెలియదు. భాగ్యమ్మ కాళ్లకు చెప్పులు తొడుక్కుంది.

లైబ్రరీలో ఆ మధ్యాహ్నం బెంచీలు చాలలేదు. ఆడవాళ్ల వంతే అయినా మగవాళ్లు కూడా కిటికీలకు వేలాడుతున్నారు. ఇస్సాకు సారు రిజిస్టరును పరద వెనక నుంచి తెచ్చి బల్ల మీద పెట్టుకొని, దారం కట్టిన కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు.

"సారూ, అడుగుతాన. ఆ కుంకుడుకాయ ఎవలు?" అన్నాడు సిద్దిరాములు.

"నాకు తెల్వదు."

"తెల్సుకోన్రి."

"తెల్సుకోను." సారు కళ్లద్దాలు పెట్టుకున్నాడు. "సిద్దిరాములూ, ఒక్కసారి నేను పేరు అడిగితే, రేపటి సంది ఈ పుస్తకంల రామకోటి తప్ప ఎవలు ఏం రాయరు. పోయిన నెల ఒకామె రాసింది, మొగడు తాగొచ్చి కొడతాండు ఏం చెయ్యాల్నని. పేరు రాయమంటే రాస్తుండెనా? ఇయ్యాల ఆ ఇల్లు నిమ్మళంగ ఉన్నదంటే పేరు లేకనే."

"మంచికైతే పేరు వద్దు సారూ. మనిషిని బద్నాం చేసేటప్పుడు పేరుండాలె గద. చీకట్ల రాయి వేసి ఉరికితే ఎట్ల?"

ఆ మాటకు బెంచీల మీద తలలు ఊగాయి. భాగ్యమ్మ తల కూడా కొంచెం ఊగింది. మొగుడు కోపంలో ఉన్నా మాటలో న్యాయం ఉంది. మూడు రాత్రులుగా ఆమెను గుచ్చుతున్నది అదే ముల్లు.

"ఆ న్యాయం నీకెట్లనో, నీ దిక్కు రాసినోళ్లకు గూడ అట్లనే," అన్నాడు సారు. "వాళ్లకు గూడ పేర్లు లేవు."

"వాళ్లు... వాళ్లు పౌరులు సారూ."

కిటికీ దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. మగ్గాల మేస్త్రి గట్టయ్య. ఏ పంచాయితీలోనైనా మాట వేయందే ఉండలేని మనిషి. సిద్దిరాములు ఆయన మీదికి తిరిగాడు.

"నువ్వే గట్టన్నా! నువ్వే రాసినవ్. మా దొడ్డి గోడ ఎక్కి తొంగి చూసినవ్."

"నేనా? ఈ పొట్టతోని గోడ ఎక్కుతనా?" గట్టయ్య పొట్ట నిమురుకున్నాడు. "గోడ ఎక్కితే చిలపలు కనబడతయి, ఒప్పుకుంట. కట్టెలు తడిసినయని, సబ్బు ఉడుకు తప్పిందని ఎట్ల కనబడతది సిద్దన్నా? మీ పొయ్యిల పండుకున్ననా? అది ఇంట్ల మనిషికి తప్ప ఎవలకు ఎర్క?"

అందరూ నవ్వారు. భాగ్యమ్మ రత్నమ్మ వీపు చాటుకు ఒక అడుగు వేసింది.

"ముందుగాల రాసింది చదువుదాం," అన్నాడు సారు. "చింపాల్నా వద్దా తర్వాత."

ముప్పై ఏళ్లు పిల్లల కాంపోజిషన్ పుస్తకాలు దిద్దిన చేయి ఆయనది. నాలుకకు వేలు అద్దకుండా ఒక్క కాగితం తిప్పడు. వేలు అద్దాడు, తిప్పాడు. మొదటి పౌరుణ్ణి చదివాడు. అద్దాడు, సర్దాడు. రెండో పౌరుణ్ణి చదివాడు. అది ఎడమచేత్తో రాసినట్టు పీత నడకలా ఉందని అందరికీ చూపించాడు. మళ్లీ అద్దాడు.

"మూడోది. ఇరవై ఐదేండ్లుగా ఈ రంగును ఎరుగుదును. కుంకుడుకాయను నమ్మవద్దు. కుంకుడుకాయ కంట్లో పడితే మండును. ఇట్లు, హనుమకొండ వాస్తవ్యుడు."

"పాపం, హనుమకొండ నుంచి బస్సెక్కి వచ్చి రాసి పోయిండా?" అన్నాడు గట్టయ్య.

సారు నవ్వబోయి నోరు తెరిచాడు.

రత్నమ్మ కెవ్వుమంది. "సారూ! మీ నాలుక!"

ఇస్సాకు సారు జీవితంలో పాన్ నమిలినవాడు కాదు. ఆయన నాలుక దసరా నాటి మందారంలా ఎర్రగా ఉంది. వేలు ఎరుపు. పెదవి కొస ఎరుపు. అందరూ మెడలు చాచి పుస్తకంలోకి చూశారు. ముగ్గురు పౌరుల మాటల పక్కనా, కాగితం అంచు మీద ఒక్కొక్క బొటనవేలి ముద్ర. ఒకటే వేలు, ఒకటే ఎరుపు. సారు తడి వేలు తగిలిన చోటల్లా ఆ ముద్ర కారి, అక్షరాల మీదికి పాకింది.

సిద్దిరాములు రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"ముగ్గురు పౌరులు," అన్నాడు గట్టయ్య, "ఒక్క బొటనవేలుతోనే బతుకుతాన్లు పాపం." కిటికీలు పగిలేటట్టు నవ్వులు. "సారు నాలుకకు ముందుగాల సబ్బు ఉడుకు పెట్టాలె!"

సారు మాత్రం నవ్వలేదు. రుమాలుతో నాలుక తుడుచుకొని, ఆ రుమాలు చూసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. "పుస్తకమే సాక్ష్యం చెప్పింది. నేను ఎవల పేరు అడుగలే," అన్నాడు.

సిద్దిరాములు తల వంచుకొని నిలబడ్డాడు. పాతికేళ్లుగా ఎర్రబడ్డ ఆ చేతులను భాగ్యమ్మ వెనక నుంచి చూసింది. ఒక వేలు ఇంకొక వేలిని గట్టిగా పట్టుకొని ఉంది. నిన్నటి దాకా ఆ మొహం మీద కోపం చూసి ఓర్చుకున్నది. ఈ వంగిన మెడను ఓర్చుకోలేకపోయింది.

ముందుకొచ్చింది.

"సారూ, ఆ రుమాలు ఇటియ్యున్రి. ఎర్ర కానిది ఇంకో కొస ఉన్నదా?"

కూజాలో ఆ కొస తడిపింది. మూలన వేలాడుతున్న పాత జంపకాన దగ్గరికి పోయి, ఎర్రపట్టీ మీద గట్టిగా రుద్దింది. ఒకసారి, రెండుసార్లు, పదిసార్లు. ఎత్తి అందరికీ చూపించింది. తెల్లగా ఉంది.

"ఎనిమిదేండ్ల కిందటి జంపకాన. ఎన్ని ఉతుకులు చూసిందో. ఎవలు అద్దిండ్రు ఇది?"

"సిద్దిరాములే," అన్నాడు సారు.

"చెయ్యి అదే సారూ. ముసురుకు కట్టెలు తడిసి సబ్బు ఉడుకు తప్పింది. అద్దినోని చెయ్యి మంచిదే."

అన్నాక గాని తెలియలేదు. పుస్తకంలో కుంకుడుకాయ రాసిన మాట, ఒక్క అక్షరం పొల్లు పోకుండా అదే.

గట్టయ్య నవ్వు సగంలో ఆగింది. ఇస్సాకు సారు కళ్లద్దాలు తీసి, తుడిచినవే మళ్లీ తుడిచాడు. సిద్దిరాములు మెల్లగా తల ఎత్తి భార్య వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. పెళ్లినాడు తెరసెల్ల దించినప్పుడు కూడా అంతసేపు చూడలేదు.

"పా," అన్నాడు. "నీళ్లు కాగబెట్టాలె."

సందు సందంతా కదిలింది. రత్నమ్మ చర్చి వంటింట్లోని ఎండు కట్టెలు బండి మీద వేయించుకొచ్చింది. గట్టయ్య విరిగిన మగ్గం గుంజలు రెండు భుజాన వేసుకొచ్చి, "హనుమకొండ వాస్తవ్యుడు పంపిండు," అని పొయ్యి దగ్గర పడేశాడు. లింగమ్మ పీట వేసుకొని కూర్చొని అందరినీ తిట్టింది, అంటే అందరి చేతా పని చేయించింది.

పెద్ద గంగాళంలో సబ్బునీళ్లు సలసల మరిగాయి. చిలపలు దించగానే నీళ్లు ఎర్రగా తిరిగాయి. రెండో ఉడుకుకు గులాబీ. మూడో ఉడుకుకు నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. పొద్దు వాలేసరికి రత్నమ్మ తన తెల్లకొంగే తడిపి రుద్ది చూసింది. తెల్లకొంగు తెల్లగానే ఉంది.

"స్తోత్రం ప్రభువా! కోతుల బాధ తప్పింది," అన్నది.

అంతసేపూ సిద్దిరాములు భార్యతో ఒక్క మాట మాట్లాడలేదు. కర్ర కావాలంటే చేయి చాచాడు, అంతే. ఆ రాత్రి, "ఆకలి లేదు," అని దొడ్లోనే మంచం వేసుకున్నాడు. సోమవారం పొద్దున కూడా గడప దాకా వచ్చి, వంటింటి వైపు ఒకసారి చూసి, తువ్వాలు దులుపుకొని వెళ్లిపోయాడు.

"కోపమా?" అన్నది భాగ్యమ్మ అత్తతో.

"కోపమైతే అరుస్తుండె," అన్నది లింగమ్మ. "వాడు మూగబోయిండంటే సిగ్గన్నట్టు. వాళ్ల నాయనా గంతే. సిగ్గుపడితే వారం దినాలు మాట పడిపోతుండె. నాకు ఎంత నిమ్మళముండేదో."

ఆ మధ్యాహ్నం మూడున్నరకు భాగ్యమ్మ లైబ్రరీకి పోయింది. వారపత్రిక చేతిలోకి తీసుకుంది గాని సీరియల్ మీద మనసు నిలవలేదు. అందరూ వెళ్లాక పరద ఎత్తి లోపలికి పోయింది.

కుంకుడుకాయ మాట చిరగలేదు. దాని కింద నిన్నటి దాకా లేని ఒక గీత ఉంది. లావుగా, పెన్సిల్ ముక్కు విరిగేటట్టు గీసిన గీత. ముగ్గురు పౌరులనూ ఎవరో నిలువునా కొట్టేశారు.

కాగితం తిప్పింది. ఎడమ పేజీలో పెద్ద పెద్ద అక్షరాలు. పీత నడక కాదు, కుడిచేత్తో నింపాదిగా రాసినవి.

"కుంకుడుకాయకు. నాలుగు దినాల సంది పంతం పట్టి ఇంట్ల తినని మనిషి, ఇప్పుడు తినాలంటే ఇంటామెను ఎట్ల అడగాలె? ఇట్లు, సిద్దిరాములు, అద్దకం పని, కొత్తవాడ."

పేరు. మూడేళ్లలో ఆ పుస్తకంలో ఎవరూ రాయనిది. భాగ్యమ్మ అంచు మీద వేలిముద్ర కోసం వెతికింది. లేదు. నిన్నంతా సబ్బునీళ్లలో మునిగిన చేతులు.

తెలిసి అడిగాడా, తెలియక అడిగాడా?

పెన్సిల్ తీసుకుంది. కుడి పేజీలో రాసింది. "అడిగే పని లేదు. చేతులు కడుక్కొని పీట మీద కూసుంటే చాలు. సర్వపిండి ఉన్నది." ఆ కింద "ఇట్లు" అని రాసింది.

అక్కడ చేయి ఆగింది.

కుంకుడుకాయ అని పెడితే రేపటి నుంచి ఆయన మళ్లీ పుస్తకాన్నే నమ్ముతాడు. ఇంట్లో తను చెప్పిన మాట ఎప్పటిలా చెవికెక్కదు. భాగ్యమ్మ అని పెడితే ఆయన ఎదురుగా ఆయనలాగే పేరుతో నిలబడుతుంది. కాని మొగుడి దెబ్బల గురించి రాసిన ఆ మనిషి, మళ్లీ ఏదైనా అడగాలంటే ఎవరిని అడుగుతుంది? ఎరిగిన భాగ్యమ్మను అడుగుతుందా?

గడియారం నాలుగు కొట్టింది. మగవాళ్ల వంతు.

"సారూ," బయట తెలిసిన గొంతు, అలవాటు లేని మెత్తదనంతో. "లోపల ఎవలన్న ఉన్నరా?"

"ఉన్నరు," అన్నాడు ఇస్సాకు సారు. "ఎవలో నేను అడుగలే."

పరద కింద రెండు పాదాలు వచ్చి ఆగాయి. మడమల దాకా ఎర్రరంగు, సబ్బుకు కూడా పోనిది. అవి అక్కడే నిలబడి, ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకున్నాయి.

పెన్సిల్ ఇంకా "ఇట్లు" పక్కనే ఉంది.